ఒకే పేరు, అనేక తరాలు: యలహంక ప్రభువుల వంశక్రమం

మా జిగణి నుంచి బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగితే, అక్కడి బస్ స్టేషన్ పేరు కెంపేగౌడ. విమానాశ్రయానికీ 2013లో ఆ పేరే పెట్టారు. అయితే కెంపేగౌడ అన్నది ఒక్కరి పేరు కాదు.

ఫ్రాన్సులో అక్విటేన్ ప్రాంతాన్ని ఏలిన ప్రభువుల్లో గియోమ్ అనే పేరుగలవారు పదిమంది. వారిని అంకెలు వేసి గుర్తుపడతారు. మన యలహంక ప్రభువులదీ అదే చిక్కు.

వీరు మొరసు ఒక్కలిగలు. తెలుగు, కన్నడం రెండూ వాడుకలో ఉన్న సమాజం. వీరి పూర్వికులు కంచి ప్రాంతం నుంచి వలస వచ్చి దేవనహళ్ళి దగ్గర ఆవతిలో స్థిరపడ్డారని వంశకథ. ఆవతి నుంచే దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, యలహంక శాఖలు చీలాయి. యలహంక శాఖలో జయగౌడ, గిడ్డేగౌడ, కెంపనంజేగౌడ, ఆపైన కెంపేగౌడ. విజయనగరానికి సామంతుడైన ఈయనే 1537లో బెంగళూరు కోట కట్టించాడని ప్రసిద్ధి. తరువాతివారు తాతపేరు నిలుపుకున్నారు. ఇమ్మడి అంటే రెండవ, ముమ్మడి అంటే మూడవ కెంపేగౌడ.

1638లో బిజాపూరు సేనాని రణదుల్లా ఖాన్ బెంగళూరును పట్టుకున్నాడు. ప్రభువులు మాగడికి తరలిపోయారు. 1728లో మైసూరు సేన మాగడినీ గెలిచింది. చివరి ప్రభువు శ్రీరంగపట్నం చెరలో కన్నుమూశాడు.

పేరు ఒకటే అయినప్పుడు ఒకరు చేసిన పని మరొకరి ఖాతాలో పడుతుంది. "గంగాగౌరీ విలాసం" అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరిట ఉంది. ఏ కెంపేగౌడ అంటే పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఇలాంటి చోట వంశకథను వింటూనే శాసనాన్ని అడగాలి. మాగడి దగ్గర కెంపాపురంలో హిరియ కెంపేగౌడ యుద్ధం నుంచి తిరిగివస్తూ మరణించాడని చెప్పే రాతి శాసనం ఉంది. పొలాల నడుమ ఉన్న ఆ సమాధి 2015లోగాని అందరి దృష్టికీ రాలేదు.

ఆయన తెలుగువాడా, కన్నడిగుడా అని సరిహద్దు ఊళ్ళలో వాదులాడుకుంటాం. రెండు భాషలూ వాడుకున్న ఇంటిని ఒక భాషకే రాసివ్వడం ఎందుకు? దానికన్నా మీ ఊరి చెరువుగట్టున బట్టలుతికే బండ మీద అక్షరాలేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే, దాన్ని భద్రం చేయండి. ఒక తరం పేరు దాని మీదే మిగిలి ఉండవచ్చు. సెలవు.