చదరంగపు గళ్ళలో ప్రధాన సంఖ్య

పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన కవి. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు - ఇట్లు రెట్టిస్తూ పోతే 64 గళ్ళలో మొత్తం ఎన్ని గింజలగునో తెలిపే పద్యం ఆయన పేరిట ప్రసిద్ధం. సమాధానం 18446744073709551615.

పద్యంలో అంకెలు భూతసంఖ్యలుగా, ఒకట్ల స్థానం మొదలుకొని చెప్పబడినాయి. తొలి పదం బాణవాచకం. మన్మథుని బాణాలు అయిదు కదా! అనగా ఇది 5చే భాగింపబడుతుందని, ప్రధాన సంఖ్య కాదని తొలి పదమే పట్టి ఇస్తున్నది.

అసలు కారణం గళ్ళ అమరికలోనే ఉన్నది. మొదటి వరుసలోని ఎనిమిది గళ్ళలో 255 గింజలుంటాయి. ప్రతి వరుసా దాని ముందు వరుసకు 256 రెట్లు. కనుక మొత్తం 255చే నిశ్శేషంగా భాగింపబడుతుంది. గళ్ళను సమాన వరుసలుగా పేర్చగలిగినపుడెల్లా ఇంతే.

చివరి మూడు గళ్ళను విడిస్తే 61 మిగులుతాయి. 61 ప్రధాన సంఖ్య. అట్లు వరుసలుగా అమరదు. అయితే అంతమాత్రం చాలదు. 11 కూడా ప్రధాన సంఖ్యయే, కాని 11 గళ్ళ మొత్తమైన 2047, 23 - 89ల లబ్ధం. 61 గళ్ళ మొత్తం 2305843009213693951 మాత్రం ప్రధాన సంఖ్యయేనని 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ మతగురువు నిరూపించాడు. అది కంప్యూటర్లు లేని కాలం!

ఇట్టివాటిని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. 2024 అక్టోబరులో ప్రకటింపబడినది 13,62,79,841 గళ్ళ మొత్తానికి సమానం. దానిలో 4,10,24,320 అంకెలున్నాయి. ఇరవై అంకెలకు మల్లన ఒక పద్యం వెచ్చించాడు. ఆ లెక్కన దీనికి ఇరవై లక్షలకు పైగా పద్యాలు కావాలి.