ముల్లు ఎప్పుడు లేస్తోంది?

మే నెల మధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద కారు 90 కిలోమీటర్ల వేగంతో పోతోంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్ల బారులో కాసేపు నిలబడేసరికి అది ఎర్రగీత వైపు జరగడం మొదలుపెట్టింది. టోల్ దాటి మళ్లీ వేగం అందుకోగానే కిందికి దిగింది. ఈ మాత్రం చెబితే చాలు, అనుభవమున్న మెకానిక్‌కు బానెట్ ఎత్తకముందే ఫ్యాను మీద అనుమానం వస్తుంది.

పెట్రోలు మండితే పుట్టే శక్తిలో బండిని నడిపించడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతే. దాదాపు అంతే వేడి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్ లోహంలోకి దిగుతుంది. సిలిండర్లో మంట వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పైనున్న హెడ్ సాధారణంగా అల్యూమినియంది, అది 660 డిగ్రీలకే కరిగే లోహం. అయినా హెడ్ నిలబడుతోందంటే, దాని లోపలి దారుల్లో కూలెంటు ఆగకుండా తిరుగుతూ ఆ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోవడం వల్లనే.

రేడియేటర్ ఆ వేడిని గాలికి అప్పగించాలి. ఎంత అప్పగించగలదనేది ముఖ్యంగా రెండు విషయాల మీద ఉంటుంది: దాని గుండా ఎంత గాలి పోతోంది, ఆ గాలికీ కూలెంటుకూ వేడిలో ఎంత తేడా ఉంది. కూలెంటు 100 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. డిసెంబరులో బయట 20 డిగ్రీలుంటే తేడా 80. మే నెలలో 45 ఉంటే తేడా 55. అంటే అదే రేడియేటర్ సామర్థ్యం దాదాపు 30 శాతం పడిపోయినట్టే. చలికాలమంతా నెట్టుకొచ్చిన బలహీనమైన ఫ్యాను వేసవిలో బయటపడుతుంది. ఎండలకు ఇంజిన్ హీటెక్కిందని సరిపెట్టుకోవడం నాకు నచ్చని మాట. బాగున్న బండి మన ఎండల్ని తట్టుకోవాలి, తట్టుకుంటుంది కూడా.

బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పనిలేదు. ఆగితే ఫ్యాను తప్ప వేరే దిక్కు లేదు. శ్రీశైలం ఘాటులాంటి చోట కష్టం రెండింతలు: ఇంజిన్ మీద బరువు ఎక్కువ, వేగం తక్కువ. ఊళ్లో బాగానే ఉండి హైవే మీద మాత్రమే ముల్లు లేస్తే ఫ్యానును వదిలేసి కూలెంటు ప్రవాహం వైపు చూడాలి. కూలెంటు తగ్గిందా, వాటర్ పంపు అరిగిందా, వేడిని బట్టి కూలెంటును రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోవడం లేదా అని వెతకాలి. మన దగ్గర కూలెంటు బదులు బోరు నీళ్లు పోసేవాళ్లు చాలామంది. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా పై హోసు కాలుతూ కింది హోసు చల్లగా ఉంటే, థర్మోస్టాట్ మూసుకుపోయిందనో రేడియేటర్ పూడిందనో అనుమానించాలి.

ఇక ఫ్యాను. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే ఫ్యాను తిరగాలి. ఏసీతో తిరిగి, ఏసీ లేనప్పుడు ఇంజిన్ ఎంత కాగినా కదలకపోతే మోటారు మంచిదే. ఫ్యానును తిప్పమని చెప్పాల్సిన టెంపరేచర్ సెన్సరో దాని తీగో చెడింది. ఏసీ వేసినప్పుడు ముల్లు పెరగాల్సింది పోయి తగ్గడం విచిత్రంగా కనిపిస్తుంది గానీ, ఈ లోపానికి అంతకంటే స్పష్టమైన గుర్తు లేదు.

ఏసీ వేసినా తిరగకపోతే ముందు ఫ్యూజు చూడాలి. అది బాగుంటే ఫ్యాను రిలే తీసి, అదే నంబరున్న మరో రిలే పెట్టి చూడాలి. హారన్ రిలే తరచుగా అదే రకం. అప్పటికీ లాభం లేకపోతే, రెండు తీగల మోటారున్న కార్లలో సాకెట్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వాలి. తిరిగితే లోపం తీగల్లో ఉంది. తిరగకపోతే మోటారు పోయింది. మెల్లగా తట్టగానే తిరగడం మొదలుపెట్టే మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి. దాన్ని మార్చాల్సిందే.

మాటిమాటికీ ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం ప్రమాదం. బేరింగు బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫ్యూజు కరగకపోతే తీగలు కరుగుతాయి. సెన్సర్ వెతికే ఓపిక లేక ఫ్యాను ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేయడం, ఈ ఎండలకు అక్కర్లేదని థర్మోస్టాట్ పీకేయడం కూడా మన గ్యారేజీల్లో మామూలే. రెండూ తప్పు వైద్యాలే. థర్మోస్టాట్ లేని ఇంజిన్ సరైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

దారిలో ముల్లు ఎర్రగీత తాకితే హీటర్ పూర్తిగా తిప్పండి. కొంత వేడి కారులోకి వస్తుంది, ఇంజిన్‌కు అంత భారం తగ్గుతుంది. వీలైన చోట బండి ఆపి ఇంజిన్ ఆర్పేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి బయటి కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి, అప్పటిదాకా ద్రవంగా ఉన్నది ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్ చీలిపోవచ్చు. ఫ్యాను దగ్గర చేయి పెట్టకండి, చాలా కార్లలో తాళం తీసేశాక కూడా అది తిరుగుతుంది.

పూర్తిగా చల్లారాక కూలెంటు మట్టం, ఇంజిన్ ఆయిల్ రెండూ చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారినా, సైలెన్సర్ నుంచి తియ్యని వాసనతో తెల్లని పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. అప్పుడిక ఇంజిన్ ఆన్ చేయకుండా బండిని గ్యారేజీకి లాగించుకుని పోవాలి.