డాలస్ క్యాలెండర్, వారాసిగూడ వాన

"తొలకరి పడేలోపు ఫ్లూ టీకాల మీద ముఖచిత్ర కథనం కావాలి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అన్నారు ఎడిటర్‌గారు. నాలుగు ఇంటర్వ్యూలు, నాలుగు లెక్కలు పోగేద్దామని బయల్దేరాను. వారాసిగూడలో ఓ మందుల షాపు ఫ్రిజ్‌లోంచి తీసిన టీకా డబ్బా దగ్గరే ఆగిపోయాను.

రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు అన్నవి సరే. వాటి దగ్గర్లోనే చీమ తలకాయంత అక్షరాల్లో మూడు పేర్లు: ఏ/విక్టోరియా/4897/2022, ఏ/క్రొయేషియా/10136ఆర్‌వి/2023, బి/ఆస్ట్రియా/1359417/2021. వైరస్ రకం, దొరికిన చోటు, నమూనా నంబరు, సంవత్సరం. ఈ జాబితాని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు సవరిస్తుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. "పోయినేడు వేయించుకున్నాంగా, మళ్లీ ఎందుకు?" అనేవాళ్లకి జవాబు అక్కడే ఉంది. 2024లో రెండో పేరు థాయిలాండ్‌ది, 2025కి క్రొయేషియా వచ్చింది. నాలుగు రకాల వైరస్‌లకి చేసిన టీకాల్లో ఉండే బి/ఫుకెట్/3073/2013 వంశమైతే 2020 మార్చి తర్వాత ఎక్కడా రూఢిగా కనబడలేదు. ఇక దాని అవసరం లేదన్నారు. వైరస్‌లూ రిటైరవుతాయన్నమాట.

ఆ పేర్లతో పాటు '2025 ఎస్‌హెచ్' అని ఉంది. దక్షిణార్ధగోళం సరుకు! హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద కదా? నిజమే, కానీ మన దగ్గర ఫ్లూ పటం చూసి రాదు, వాన చూసి వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా దాని జోరు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఏప్రిల్, మేలోనే వేయించుకోవాలి. అప్పటికి దొరికే తాజా రకం ఇదే.

మనవాళ్లకి మాత్రం టీకా గుర్తుచేసేది మబ్బు కాదు, వాట్సాప్. పిల్లలు అమెరికాలో ఉన్న తార్నాక, హబ్సిగూడ ఇళ్లకి దసరా వెళ్లగానే ఫోన్: "నాన్నా, ఫ్లూ షాట్ వేయించుకున్నారా?" డాలస్‌కి అది సరైన నెలే. ఇక్కడ అప్పటికి ఓ విడత దగ్గులు అయిపోయి ఉంటాయి. అలాగని శుద్ధ దండగ అనను. జనవరి–మార్చిలో మనకి రెండో విడత ఉంది.

చరిత్ర నాలుగు ముక్కల్లో: దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు, 2009 మేలో శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడిదే. 2015 జనవరిలో స్వైన్‌ఫ్లూ మళ్లీ విరుచుకుపడి, వారాసిగూడ పక్కనే ఉన్న గాంధీ ఆస్పత్రికి జనం పరుగెత్తారు. ఆ గందరగోళం, అవినీతి ఆరోపణల మధ్యే ఆరోగ్య శాఖ చూస్తున్న ఉపముఖ్యమంత్రి తాటికొండ రాజయ్య పదవి పోయింది.

నా గొణుగుడు ఒకటుంది. గర్భిణులూ, ఆస్పత్రి సిబ్బందీ వేయించుకోవాలనీ, పెద్దవాళ్లు వేయించుకుంటే మంచిదనీ కేంద్ర మార్గదర్శకాలు చెబుతాయి. ఉచిత టీకాల పట్టికలో మాత్రం ఫ్లూ లేదు. చెప్పడం సర్కారు వంతు, కొనుక్కోవడం మన వంతు. పైగా వైరస్‌తో బాగా కుదిరిన ఏడు కూడా దీని రక్షణ 40–60 శాతమే. అయినా అరవై ఐదు దాటిన మా ఇంటి పెద్దలకి మేలోనే వేయిస్తాను.

బాక్స్: డబ్బాలో పట్టనివి

తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే రెండు డోసులు, నాలుగు వారాల తేడాతో.

న్యుమోకోకల్ టీకా వేరు. పసిపిల్లలకి 6 వారాలు, 14 వారాలు, 9 నెలలప్పుడు ఉచితం. 2021 నుంచి దేశమంతటా ఇస్తున్నారు.

మామూలు జలుబుకి టీకా లేదు. దాన్ని తెచ్చే రైనోవైరస్‌లే 100కి పైగా రకాలు. అక్కడికి మిరియాల చారే.