చెట్టు కొట్టుటకు అనుమతి: నగరములు విచారించు విధము

గ్రామపెద్దలారా! చెట్టును కొట్టుట ఒక పూట పని. చెట్టును పెంచుట ఒక తరము పని. ఈ వ్యత్యాసమును మీకు నేను బోధింపనక్కఱలేదు. పెనుకొండకును, ధర్మవరమునకును, పుట్టపర్తికిని పోవు బాటలు కలియు మన కొత్తచెరువు వంటి చోట్ల, బాట వెడల్పు చేయవలెననియో, ఇల్లు కట్టవలెననియో, విద్యుత్తు తీగెలకు అడ్డమనియో, చెట్టును తీసివేయ గోరువారు తఱచుగా నుందురు. వారి కోరికలో న్యాయమున్నదో లేదో తేల్చువారెవరు? ఏ విధమున తేల్తురు? కొట్టిన దానికి బదులేమి? ఈ మూడు ప్రశ్నలను నేడు విచారింతము. ఇందుకు బెంగళూరు నగరమును దృష్టాంతముగా గైకొందును. హిందూపురము మీదుగా మనవారు కూలికిని, చదువునకును, వైద్యమునకును నిత్యము పోవు నగరమది.

చెట్టు విషయమున రాజశాసనము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, నగరోపవనములందలి పండ్లచెట్లు, పూలచెట్లు, నీడచెట్ల చిగుళ్లు త్రుంచినవానికి 6 పణములు, చిన్న కొమ్మలు నఱికినవానికి 12 పణములు, పెద్ద కొమ్మలు నఱికినవానికి 24 పణములు దండుగ విధింపబడినది. మ్రానునే నఱికినచో దండన మఱింత హెచ్చు. పొలిమేర చెట్లకును, పూజలందు చెట్లకును ఆ దండుగ ఇబ్బడి. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి బాటల వెంట చెట్లు నాటించితినని రాళ్లపై చెక్కించెను. ఆ శాసనములు మనకు దూరమున లేవు; గుత్తికి సమీపమున కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్లపై నేటికిని నిలిచియున్నవి. కొట్టినవానికి దండుగ యొకటి, నాటుట పాలకుని విధి యొకటి: ఈ రెండు భావములే నేటి చట్టములకు మూలములు.

కర్ణాటక రాష్ట్రమున 1976లో వృక్ష సంరక్షణ చట్టము పుట్టినది. ఆ చట్టము వర్తించు నగరమున, చెట్టు తన పెరటిలోనిదైనను, యజమాని దానిని తన యిచ్చవచ్చినట్లు కొట్టరాదు. ముందుగా వృక్షాధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. వృక్షాధికారి యనగా అటవీ శాఖనుండి ఈ పనికై నియమింపబడినవాడు. ఆతడు చెట్టున్న చోటికి పోయి చూచి, విచారణ జరిపి, అనుమతి నిచ్చుటయో నిరాకరించుటయో చేయవలెను. ఆ నిర్ణయము నచ్చనివారు పై ప్రాధికారమునకు అప్పీలు చేసికొనవచ్చును.

ఏ కారణములకు అనుమతి నీయవలెనో చట్టమే చెప్పుచున్నది. చెట్టు ఎండిపోయినను, తెగులు పట్టినను, గాలికి కూలినను, మనుష్యుల ప్రాణమునకో ఆస్తికో అపాయము కలిగించునదైనను, రాకపోకలకు అడ్డమైనను, పిడుగుచేతనో నిప్పుచేతనో చెడినను అనుమతి నిరాకరింపరాదు. ఇది న్యాయమే. వానకాలపు గాలివానలో బెంగళూరు వీథులలో చెట్లు కూలి, బండ్లు నలిగి, మనుష్యులు సైతము చనిపోవుచున్న మాట వినుచునే యున్నాము. తన యింటిపై వాలిన చెట్టును చూచి భయపడు గృహస్థును వృక్షద్వేషి యనుట తగదు.

అయితే అపాయమని చెప్పుట వేఱు, అపాయముండుట వేఱు. ఆకులు రాలి వాకిలి చెత్తయగుచున్నదనియు, అంగడి పేరుపలక కనబడుట లేదనియు, కారు నిలుపుటకు చోటు చాలదనియు అనువారు సైతము దరఖాస్తులో "అపాయము" అనియే వ్రాయుదురు. కావుననే అధికారి కాగితమును గాక చెట్టును చూడవలెనని నియమము. మొదలు తొలిచి డొల్లయైనదా? వేళ్లు పైకి లేచి మన్ను పగిలినదా? వంపు క్రొత్తదా, పుట్టుకతో వచ్చినదా? ఒక కొమ్మ తీసివేసినచో అపాయము తీరునా? వైద్యుడు వ్రేలు కుళ్లినచో వ్రేలు తీయును గాని చేయి తీయడు. చెట్టు విషయమునను అంతియే. కొమ్మతో తీరు పనికి మ్రానును బలి యీయరాదు.

ఒక చెట్టు మాట ఇట్లుండ, బాటకొఱకు వందల చెట్లు పోవలసినప్పుడు విచారణ మఱింత విస్తరింపవలెను. ప్రజోపయోగ కార్యమునకై 50కి మించిన చెట్లను కొట్టదలచినచో, ముందుగా బహిరంగ ప్రకటన చేసి ప్రజల ఆక్షేపణలను ఆహ్వానించి, వానిని విచారించిన పిదపనే నిర్ణయింపవలెనని తరువాతి సవరణచే ఆ చట్టమున చేరినది. ఈ నియమపు విలువ 2016లో తెలియవచ్చినది. బెంగళూరు నడిబొడ్డున బసవేశ్వర కూడలినుండి హెబ్బాళము వఱకు ఉక్కు వంతెన కట్టుటకు ప్రభుత్వము సంకల్పించెను. విమానాశ్రయమునకు పోవు బాటలో బండ్ల రద్దీ నిజము. వంతెన కోరినవారి అవసరమును నిజమే. కాని అందుకై 812 చెట్లు పోవునని లెక్క తేలెను. ఆ యేడు అక్టోబరు 16వ తేదీన వేలాది పౌరులు బాట ప్రక్కన చేయి చేయి పట్టుకొని నిలిచిరి. జాతీయ హరిత ట్రిబ్యునలు పనిని నిలిపివేసెను. 2017 మార్చిలో ప్రభుత్వమే ఆ సంకల్పమును విరమించెను. ముందుగా లెక్క బయటపడుటచేతనే ప్రజలు ప్రశ్నింపగలిగిరి. తెల్లవాఱుసరికి మొద్దులే మిగిలినచో ఎవరు ఏమి ప్రశ్నింతురు?

ఇక బదులు మాట. అనుమతి పొందినవాడు కొట్టిన చోటనో, అధికారి చూపిన చోటనో, చెప్పిన జాతి చెట్లను చెప్పిన సంఖ్యలో నాటవలెనని ఆ చట్టము కట్టడి చేయుచున్నది. వినుటకు ఇది సంతుష్టికరము. కాని లెక్కలోని మోసము ఇచటనే యున్నది. నూఱు చింతచెట్లు కొట్టి మున్నూఱు మొక్కలు నాటిరనుకొందము. మూడు వేసవులు గడచునప్పటికి ముప్పది మొక్కలు మిగిలినచో, కాగితముపై మున్నూఱే, నేలపై ముప్పదియే. ఆ ముప్పదియు మునుపటి నీడ నిచ్చుటకు ముప్పది యేండ్లు పట్టును. మొక్క నాటుట వాగ్దానము మాత్రమే. అది బ్రతుకుట ఆ వాగ్దానమును చెల్లించుట. అప్పు పత్రము వ్రాసినంతనే అప్పు తీఱదని మీరెఱుగుదురు.

చెట్టును పెకలించి వేఱొకచోట నాటు పద్ధతియు నేడు కలదు. మఱ్ఱి, రావి, మేడి జాతులు దీనిని కొంత యోర్చుకొనును. లోతుగా తల్లివేరు దిగిన ముదురు చెట్లు సాధారణముగా ఓర్వలేవు. తెలంగాణమున హైదరాబాదునుండి బీజాపురమునకు పోవు బాటలో చేవెళ్ల ప్రాంతమున 900కు పైబడిన మఱ్ఱిచెట్లున్నవి. బాట వెడల్పు చేయుటకు అవి అడ్డమని తలచినప్పుడు వృక్షప్రియులు హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. ఏండ్ల తరబడి వివాదము నడచిన పిదప, 2025లో అధికభాగమును ఉన్నచోటనే నిలిపి, తప్పనిసరియైన వానిని మాత్రము తరలించునట్లు ఏర్పాటు కుదిరినది. బాటయు వచ్చును, చెట్లును నిలుచును. బాట గీత కాగితముపై నున్నప్పుడే దానిని కొంచెము జరుపుట సులభము. మఱ్ఱిని జరుపుట కష్టము.

మన రాష్ట్రమున ఈ విషయమై 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము కలదు. జనులు దీనిని "వాల్టా" యందురు. దీని ప్రకారము ఇందుకు నియమితుడైన అధికారి అనుమతి ముందుగా పొందనిదే చెట్టును కొట్టరాదు. జిల్లాయందు కలెక్టరు అధ్యక్షతను ఒక ప్రాధికారమును, మండలమున వేఱొక ప్రాధికారమును ఈ చట్టము ఏర్పఱచినది. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ వంటి కలపపంటలకు మాత్రము సడలింపు కలదు. కావున ఇది నగరవాసుల వ్యవహారమని మనము ఉదాసీనముగా నుండరాదు.

ఉదాసీనత మనకు నగరవాసులకంటె ఎక్కువ నష్టము. బెంగళూరునకు కురియు వాన మనకు కురియదు. అనంతపురపు సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఇచట ఒక వేపయో, కానుగయో, చింతయో కూలినచో దాని స్థానమున మొక్క తనంతట తాను లేవదు. ఒకటిన్నర అడుగు గుంట త్రవ్వి, చెరువు మట్టియు ఎరువును వేసి, మేకలు మేయకుండ ముండ్లకంప చుట్టి, రెండు మూడు వేసవులు నీరు పోసినగాని అది నిలువదు. ఇట్టి కఱవు సీమలోనే కదిరి సమీపమున తిమ్మమ్మ మఱ్ఱిమాను ఎకరములకొలది పఱచుకొని, 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. భక్తిచేతనో, భయముచేతనో, తరతరముల జనులు దానిని కాచిరి. అందఱు చెట్లకును అట్టి భక్తి లభింపదు; కావున చట్టము వలసివచ్చినది. చట్టము సైతము అడుగువారున్నచోటనే పని చేయును.

కాబట్టి మీ యూర చెట్టు కొట్టుటకు ఎవరైన వచ్చినపుడు, కలహింపక, శాంతముగా ఈ అయిదు మాటలు అడుగుడు. అనుమతి కాగితమేది? అందు వ్రాసిన కారణమేమి? అధికారి చోటికి వచ్చి చూచెనా? కొమ్మ తీయుటచేతనో, బాట గీతను జరుపుటచేతనో చెట్టు దక్కదా? బదులు మొక్కలెన్ని, ఎచట, వానికి మూడేండ్లు నీరు పోయువారెవరు? ఈ అయిదింటికి సరియైన సమాధానములున్నచో అడ్డుపడకుడు. ఎండిన మ్రాను క్రింద బడిపిల్లలను నిలుపుట ధర్మము కాదు. సమాధానములు లేనిచో అర్జీ వ్రాసి, సంతకములు చేసి, తహసీలుదారునకును అటవీ అధికారికిని పంపి, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు.

నాటిన మొక్కల జాబితాను గ్రామ పంచాయతీ గోడపై వ్రాయించి, ప్రతి ఉగాదికి ఎన్ని బ్రతికినవో లెక్కించి, దాని ప్రక్కనే వ్రాయింపుడు. మూడవ ఉగాదినాడు ఆ గోడపై కనబడు సంఖ్యయే నిజమైన బదులు. అంతవఱకు ఆ అనుమతి విచారణ ముగియలేదనియే మనము భావింపవలెను.