పెద్ద నౌకకు ఏ ఇంజను మేలు?

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనునది కంప్యూటరుపై ఆడు ఒక అంతరిక్ష క్రీడ. మెక్సికో దేశమున తయారైన ఈ ఆట 2011లో తొలిరూపమునను, 2015లో పూర్ణరూపమునను వెలువడినది. ఆడువారు ఇంధనపు ట్యాంకులను, ఇంజనులను, యాత్రికుల గదులను ఒకదానితో నొకటి కూర్చి నౌకను నిర్మించి, కెర్బిన్ అను గ్రహమునుండి దానిని ప్రయోగింతురు. గ్రహములు కల్పితములే గాని, నౌకను నడుపు సూత్రములు న్యూటన్ చెప్పినవే. అందుచేతనే ఈ ఆటలో తరచుగా ఎదురగు ఒక చిక్కు, భౌతికశాస్త్రమున చక్కని పాఠమగుచున్నది.

ఒక విద్యార్థి పెద్ద నౌకను నిర్మించి కెర్బిన్ చుట్టును కక్ష్యలో ప్రవేశపెట్టినాడనుకొందము. అతడు ఎఱ్ఱని గ్రహమైన డ్యూనాను చుట్టి రావలెనని బయలుదేరును. తిరుగు ప్రయాణమున ఇంధనము చాలదు. చిన్ని పచ్చని యాత్రికులు నడుమ చిక్కుకొని పోవుదురు. విద్యార్థి నౌకను విప్పి, ఇంతకంటె బలమైన ఇంజనును బిగించి మరల పంపును. ఈసారి ఇంధనము మునుపటికంటె ముందుగనే అయిపోవును! బలము హెచ్చినపుడు ప్రయాణము తగ్గుటకు కారణమేమి?

రెండు వేర్వేరు కొలతలు

ఇంజను మంచిచెడ్డలను తెలుపు కొలతలలో రెండు ముఖ్యములు. మొదటిది అభిబలము. అనగా ఇంజను నౌకను ఎంత బలముతో నెట్టుచున్నదో తెలుపునది. దీనిని న్యూటన్లలో కొలుతురు. రెండవది విశిష్ట ప్రచోదనము. ఒక కిలోగ్రాము ఇంధనముతో ఇంజను 9.8 న్యూటన్ల అభిబలమును ఎన్ని సెకనులపాటు ఈయగలదో ఆ సంఖ్యయే ఇది. ఈ సంఖ్యను 9.8 చేత గుణించినచో, ఇంజను వెనుకకు చిమ్ము వాయువుల వేగము సెకనుకు ఇన్ని మీటర్లని వచ్చును.

మొదటి కొలత బండిని లాగు ఎద్దు బలము వంటిది. రెండవది, అది తిన్న గడ్డికి ఎంత పని చేయునో తెలుపు లెక్క వంటిది. బలమైన ఎద్దెల్ల పొదుపైన ఎద్దు కానక్కరలేదు.

ఆటలోని మూడు ఇంజనులను చూతము. పూడిల్ అను రసాయనిక ఇంజను బరువు 1.75 టన్నులు, శూన్యమున దాని అభిబలము 250 కిలోన్యూటన్లు, విశిష్ట ప్రచోదనము 350 సెకనులు. నెర్వ్ అను పరమాణు ఇంజను బరువు 3 టన్నులు. అభిబలము 60 కిలోన్యూటన్లు మాత్రమే. కాని విశిష్ట ప్రచోదనము 800 సెకనులు. డాన్ అను అయాను ఇంజను బరువు కాలు టన్ను. అభిబలము 2 కిలోన్యూటన్లు. విశిష్ట ప్రచోదనము 4200 సెకనులు. ఒక గుణము పెరిగినకొలది రెండవది తరుగుట గమనింపదగినది.

త్సియోల్కోవ్‌స్కీ సూత్రము

రాకెట్టు మొత్తముమీద ఎంత వేగమును సంపాదింపగలదో తెలుపు సూత్రమును రష్యా శాస్త్రజ్ఞుడు త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించెను. అది యిది:

వేగములోని మార్పు = వాయువుల వేగము × సహజ సంవర్గమానము (తొలి ద్రవ్యరాశి ÷ తుది ద్రవ్యరాశి)

ఇందు అభిబలము ఎక్కడను లేదు! వాయువుల వేగమును, ఇంధనము నిండియున్నప్పటి ద్రవ్యరాశికి ఇంధనము తీరినప్పటి ద్రవ్యరాశికి గల నిష్పత్తియు మాత్రమే ఉన్నవి. ఇంజను బరువు తొలి ద్రవ్యరాశిలోను, తుది ద్రవ్యరాశిలోను చేరును గనుక, అది పెరిగినకొలది ఈ నిష్పత్తి తగ్గును. విద్యార్థి నౌక ఏల ముందుగా ఆగిపోయెనో ఇపుడు తేటపడినది. అతడు బరువును పెంచెను గాని వాయువుల వేగమును పెంచలేదు.

ఇంజను గాక నౌక బరువు 30 టన్నులు, ఇంధనము మరి 30 టన్నులు అనుకొందము. పూడిల్ ఇంజనును బిగించినచో తొలి ద్రవ్యరాశి 61.75 టన్నులు, తుది ద్రవ్యరాశి 31.75 టన్నులు. నౌక సంపాదించు వేగము సెకనుకు సుమారు 2280 మీటర్లు. ఒక నెర్వ్‌ను బిగించినచో 5070 మీటర్లు. బరువు హెచ్చినను ఫలము రెట్టింపునకు మించినది.

అయితే ప్రతి నౌకకును నెర్వ్ మేలనుట పొరపాటు. నౌక అర టన్ను, ఇంధనము అర టన్ను మాత్రమే ఉన్నచో, మూడు టన్నుల నెర్వ్ ఆ నౌకకు మోయరాని బరువగును. అప్పుడు వచ్చు వేగము సుమారు 1050 మీటర్లే. అదే 60 కిలోన్యూటన్ల అభిబలము గల టెర్రియర్ అను రసాయనిక ఇంజను బరువు అర టన్ను. విశిష్ట ప్రచోదనము 345 సెకనులు. ఆ చిన్న నౌకకు అది 1370 మీటర్ల వేగమునిచ్చును. బరువైన ఇంజను పెద్ద నౌకకే సార్థకము.

కాలము కూడ ముఖ్యమే

ఇక అభిబలముతో పని లేదా? ఉన్నది. నేలమీదినుండి లేచునపుడు అభిబలము నౌక భారమును మించవలెను. పై నౌక కెర్బిన్‌పై సుమారు 600 కిలోన్యూటన్ల భారము తూగును గనుక, ఆ మూడు ఇంజనులలో ఏ ఒక్కటియు దానిని లేపజాలదు. ఆ పనికి వేరు ఇంజనులు కావలెను. కక్ష్యలో ఈ నిర్బంధము లేదుగాని, అక్కడ కాలము అడ్డువచ్చును.

డ్యూనాకు బయలుదేరుటకు వేగమును సుమారు 1000 మీటర్లు పెంచవలెను. ఇందుకు పూడిల్ మూడున్నర నిమిషములు మండి 15.6 టన్నుల ఇంధనమును వ్యయపరచును. ఒక నెర్వ్ 7.5 టన్నులతోనే సరిపెట్టును గాని, పదునారున్నర నిమిషములు మండవలెను. 100 కిలోమీటర్ల ఎత్తున కెర్బిన్‌ను ఒకసారి చుట్టుటకు పట్టు కాలము సుమారు 33 నిమిషములు. అనగా ఇంజను మండుచుండగనే నౌక దాదాపు సగము చుట్టు తిరిగిపోవును. దాని గమనదిశ మారుచుండుటచే నెట్టిన నెట్టులో కొంత వృథాయగును. అయాను ఇంజనునకు ఇదే పనికి 8 గంటలకు పైగా పట్టును.

నాలుగు నెర్వ్‌లను బిగించినచో కాలము 5 నిమిషములకు లోపుగా తగ్గును. కాని మొత్తము వేగము 4230 మీటర్లకు పడిపోవును. రెండు బిగించినచో కాలము 9 నిమిషములకు లోపు, వేగము 4750 మీటర్లు. ఈ నౌకకు రెండు ఇంజనులు మధ్యేమార్గముగా కన్పించును. కావలసిన అభిబలమును మాత్రమే తీసికొని, మిగిలినదానిని ఇంధనమునకు విడుచుట ఇచ్చటి నీతి.

నిజమైన నౌకలలో

ఒకే ఇంజనుతో సరిపుచ్చుకొను ఉపాయము మరియొకటి కలదు. అది మంటను ముక్కలు చేయుట. ప్రతి చుట్టులోను నౌక గ్రహమునకు దగ్గరగా వచ్చినపుడు మాత్రము ఇంజనును కొంతసేపు మండించుచు, కక్ష్యను క్రమముగా సాగదీయవలెను. భారతదేశపు మంగళ్‌యాన్ చేసినది ఇదియే. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆ నౌక బరువు 1337 కిలోగ్రాములు. దాని ప్రధాన ఇంజను అభిబలము 440 న్యూటన్లు మాత్రమే. భూమి చుట్టును పలుమార్లు కక్ష్యను పెంచుకొని, డిసెంబరు 1న సుమారు 22 నిమిషముల మంటతో అది భూమిని విడిచి, 2014 సెప్టెంబరు 24న కుజుని చేరినది.

పరమాణు ఇంజను కూడ వట్టి కల్పన కాదు. అమెరికాలోని నెవాడా ఎడారిలో 1960 దశకమున అట్టి ఇంజనులను నేలపై మండించి పరీక్షించిరి. రియాక్టరు వేడిచే హైడ్రోజనును కాచి చిమ్ముట వాని పద్ధతి. ఒకే ఉష్ణోగ్రతలో తేలికైన అణువులు హెచ్చు వేగముతో పోవును గనుక వాని విశిష్ట ప్రచోదనము అధికము. 1973లో ఆ ప్రణాళిక రద్దయినది. అయాను ఇంజను మాత్రము నిజముగా ప్రయాణించినది. 2007లో బయలుదేరిన డాన్ నౌక 2011లో వెస్టాను, 2015లో సీరిస్‌ను చేరినది. దాని ఇంజను అభిబలము 0.09 న్యూటన్లు, ఒక కాగితపు ముక్క చేతిపై మోపు భారము వంటిది. ఆటలోని ఇంజను దానికి 20 వేల రెట్లకు మించిన బలము కలది. ఆడువారి ఓపికను దృష్టిలో నుంచుకొని చేసిన సవరణ యిది. ఆటనుండి పాఠము నేర్చువారు ఇట్టి భేదమును మరువరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రశ్ననిచ్చి చూడవచ్చును: పై నౌకకు మూడు నెర్వ్‌లను బిగించిన వేగమెంత, కాలమెంత? నాలుగవ ఇంజనును మోయుటకు బదులు ఆ మూడు టన్నుల ఇంధనమునే నింపినచో ఏమగును? సంవర్గమానముల పట్టిక చేత నున్న విద్యార్థి పావుగంటలో దీనిని తేల్చగలడు. తేల్చినవాడు తన నౌకలోని యాత్రికులను మరల నింటికి చేర్చగలడు.