పండుగనాడు ఇల్లు చేరనివారు

మేలూరులో పాతుకుపోయిన మన తెలుగు కుటుంబాలకు దీపావళి వచ్చిందంటే మధుర ప్రయాణం తప్పదు. మన ఊళ్ళో బట్టల కొట్లు లేకపోలేదు. అయినా మాసి వీధులలో నాలుగు కొట్లు ఎక్కి దిగి, బేరమాడి తెచ్చిన చీరకు ఉన్న గౌరవం వేరు. ఆడవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఆ వీధులను తలచుకొన్నప్పుడు మరి రెండు పేర్లు కూడా తలచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2020 నవంబరు 14, శనివారం, దీపావళి. ఇంకా తెల్లవారలేదు. దక్షిణ మాసి వీధి ప్రాంతంలో, పాత కట్టడంలోని ఒక బట్టల కొట్టుకు నిప్పంటుకొన్నది. అగ్నిమాపక దళంవారు వచ్చి మంటలు ఆర్పుతూండగా ఆ కట్టడం కూలింది. శివరాజన్, కృష్ణమూర్తి అనే ఇద్దరు ఉద్యోగులు దానికింద పడి ప్రాణాలు విడిచారు. తోటివారిద్దరు గాయపడ్డారు. మన ఇళ్ళలో పిల్లలను లేపి, పీటమీద కూర్చోబెట్టి, తలకు నూనె పెట్టే వేళ అది.

వారు మన భాషవారా అని ఎవరైనా అడుగవచ్చు. నిప్పు ఆర్పడానికి వచ్చినవాడు ఇంటివారి భాష అడుగడు. మనమూ అడుగవద్దు.

బట్టల కొట్టులోని మంట తక్కినవాటివంటిది కాదు. మూటలు పైకి ఆరినట్లే ఉంటాయి, లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది. అందువల్ల నీరు చల్లుతూనే ఉండాలి. బట్ట ఆ నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది. ఆ బరువంతా పాత మిద్దెమీద పడుతుంది. కొయ్య దూలాలు కాలి సన్నబడితే, వాటిని ఆనుకొన్న గోడలు నిలువలేవు. అంటే మంట తగ్గినట్లు కనబడి, చూసేవారు ‘హమ్మయ్య’ అనుకొనే సమయమే లోపలివారికి గండం. ఇది తెలిసినవారే లోపలికి పోతారు. తెలియక పోయేవారి ధైర్యంకంటె ఇది పెద్దది.

ఆ ఉద్యోగానికి పండుగలు లేవు. మనం టపాకాయలు కాల్చే రాత్రే వారు బూట్లు విప్పకుండా ఉండవలసిన రాత్రి. ఇంట్లో భార్య పిండివంట ఎత్తిపెట్టి ఉంచుతుంది. పిల్లలు చిచ్చుబుడ్డి దాచి ఉంచుతారు, నాన్న వచ్చాక కాల్చాలని. ఊరి సేవలో సగం ఆ ఇల్లాలిదేనని నా అభిప్రాయం. ఆమెకు మాత్రం పతకమిచ్చేవారు లేరు.

ఏటా ఏప్రిల్ 14న దేశమంతటా అగ్నిమాపక దినం జరుపుతారు. 1944లో ఆ తేదీన బొంబాయి రేవులో ప్రత్తి బేళ్ళూ, ప్రేలుడు సామగ్రీ నింపుకొన్న ‘ఫోర్ట్ స్టైకిన్’ అనే ఓడ అంటుకొని ప్రేలింది. మంటలార్పుతున్న 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. అక్కడా నిప్పు మొదట రగిలింది ప్రత్తిలోనే. తమిళ సంవత్సరాది సాధారణంగా ఆ రోజే రావడంచేత మన ప్రాంతంలో ఆ స్మరణ పండుగ సందడిలో కలిసిపోతుంది.

మధురకు నిప్పు కొత్త కాదు. 2018 ఫిబ్రవరి 2 రాత్రి మీనాక్షమ్మ గుడిలో, నాయకుల కాలపు వీరవసంతరాయ మండపం అంటుకొన్నప్పుడు, ఆర్పడానికి పరుగెత్తినదీ ఈ దళమే.

మన మేలూరు పక్క వీరి పని మంటలతో తీరదు. గడ్డివాములు ఒకటి, బావులు ఇంకొకటి. బావిలో ఆవు పడినా, మనిషి పడినా కబురు వారికే. త్రాడు కట్టుకొని దిగి, బెదిరిన ఆవు పొట్టక్రింద పట్టీ వేసి పైకి లాగించడం ఎంత కష్టమో పశువులున్న ఇంటివారికి తెలుసు.

సంఘంలోని సోదరీమణులకు ఒక మనవి. వచ్చే దీపావళినాడు తలంట్లు కాగానే, ఒక పళ్ళెంలో అరిసెలు, ఏదైనా కారం పెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని మన ఊరి అగ్నిమాపక నిలయానికి వెళ్ళండి. అక్కడ కాపలా ఉన్నవారికి పెట్టి, శివరాజన్, కృష్ణమూర్తి పేర్లు పిల్లలచేత పలికించండి. అరిసెలు మాత్రం ముందునాడే వండి ఉంచుకోవాలి. ప్రొద్దున మొదలుపెడితే ఆ పిలుపుగంట మ్రోగి వారు వెళ్ళిపోవచ్చు.