బంతిలేని పరుగు

చెడుగుడు చూడని తెలుగు బాలుడు అరుదు. రాయచోటిలో సాయంకాలము బడి విడిచిన పిదప ఏ ఖాళీస్థలమునకు పోయినను కూత వినబడుచునే యుండును. కూతకు వెళ్లినవాడు కుడివైపు చూచుచు ఎడమవైపు కాలు చాచును. పట్టువారును తక్కువవారు కారు. మూలనున్నవాడు తొందరపడినట్లు ఒక అడుగు ముందునకు వేయును. వానిని అంటవలెనను ఆశతో కూతగాడు లోనికి వచ్చును. అంతలో ప్రక్కవాడు కూతగాని చీలమండ పట్టుకొనును. ముందునకు వచ్చినవాడు ఎర, పట్టినవాడు వేరొకడు. ఈ యుపాయమునే విశాలమైన మైదానమున, పరుగులో, బంతితో ప్రయోగించు ఆట యొకటి కలదు. అదియే రగ్బీ.

ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలనుండి ఈ ఆటకు ఆ పేరు వచ్చినది. 1845లో ఆ పాఠశాల విద్యార్థులే దీని నియమములను వ్రాసిరి. మన దేశమునకును దీనికిని ఒక వింత సంబంధము కలదు. కలకత్తాలో ఈ ఆట ఆడు సంఘము మూతపడినప్పుడు, 1878లో, బ్యాంకులో మిగిలిన తమ వెండి రూపాయలను కరగించి సభ్యులు ఒక పాత్ర చేయించిరి. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని ఆ పాత్రకొరకు పోరాడుచున్నవి. 2025లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరు ధరించిన జట్టు కూడ ఆడినది.

జట్టుకు 15 మంది ఆటగాండ్రు. ఏడుగురితో ఆడు పద్ధతియు కలదు; ఒలింపిక్ క్రీడలలో 2016లో చేరినది ఈ పద్ధతియే. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టి పరుగెత్తి, ఎదుటివారి గీతకడ నేలకు తాకించినచో 5 పాయింట్లు లభించును. బంతిని చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందించవలెను. బంతి చేతనున్న వానినే పట్టి పడవేయవచ్చును. బంతి లేనివాని జోలికి పోరాదు. ఈ రెండు నియమములను గుర్తుంచుకొనిన చాలును, మిగిలినది బోధపడును.

ఇప్పుడు ముగ్గురు దాడికి వచ్చుచున్నారనుకొనుడు. ఎదుట ఇద్దరు రక్షకులు. బంతి మొదటివాని చేత నున్నది. వాడు లోపలి రక్షకునిపైకి నేరుగా పరుగెత్తి వానిని కదలనీయడు. రెండవవాడు ఇద్దరు రక్షకుల నడిమి సందునకు గురిపెట్టి, చేతులు చాచి, బంతి తనకే వచ్చుచున్నట్లు దూసికొని పోవును. బయటి రక్షకుడు వానివైపు మొగ్గును. ఆ క్షణముననే మొదటివాడు రెండవవాని వీపు వెనుకగా బంతిని మూడవవానికి అందించును. మూడవవాని యెదుట మైదానము శూన్యము!

ఇట్టి పరుగునకు మారీచుని బంగారులేడిని పోల్చువారు కలరు. నాకు మాత్రము భారతములోని సంశప్తకులే సరియైన పోలికగా తోచుదురు. వారు అర్జునుని యుద్ధమునకు పిలిచి దూరముగా లాగుకొనిపోయిరి. ఆ వేళనే ద్రోణుడు పద్మవ్యూహము పన్నెను, అభిమన్యుడు కూలెను. సంశప్తకులు ఉత్తుత్తి సేన యైనచో అర్జునుడు వారిని లెక్కింపక మరలియుండును. గెలుపో చావో యని శపథము పట్టినవా రగుటచేతనే ఆయన మరలలేకపోయెను. రెండవవాడును అట్లే ఉండవలెను. బంతి రాదని తెలిసి వాడు నీరసముగా పరుగెత్తినచో రక్షకుడు ఇట్టే కనిపెట్టును. అందుచేతనే రక్షకుడు మొగ్గని పట్ల బంతిని రెండవవానికే ఇచ్చివేయవలెను. అప్పుడు వాడు ఎర కాడు, బాణము.

ఎదుటివానిని భ్రమింపజేయవచ్చును గాని అడ్డగింపరాదు. బంతి వెనుకగా పోయిన తరువాత రెండవవాడు రక్షకుని ఢీకొన్నను, వాని దారికి అడ్డుపడినను, రెఫరీ ఎదుటిజట్టుకు పెనాల్టీ ఇచ్చును. కావున వాడు రక్షకుల నడిమి సందులోనికే పోవలెను, రక్షకుని మీదికి కాదు.

దీనిని నేర్పువారు నడకతో మొదలిడుట మేలు. సున్నముతో గీతలు గీసి, ఇద్దరిని రక్షకులుగా నిలిపి, నడకలో కుదిరిన పిదప పరుగునకు పోవలెను. మన సీమ నేల వేసవిలో రాయివలె గట్టిపడును. అట్టి నేలపై పడవేయుట తగదు. రెండు చేతులతో తాకినచో పట్టుబడినట్లు లెక్కించు పద్ధతి కలదు, అది చాలును. శిక్షకుడు బంతిని చూచుచు కూర్చుండరాదు. బయటి రక్షకుని పాదములను చూడవలెను. అవి లోపలికి తిరిగినచో ఎర పారినట్లు. తిరుగకున్నచో మొదటివాడు బంతిని ముందుగా విడిచెనో, రెండవవాడు ఆలస్యముగా వచ్చెనో పరిశీలింపవలెను.

పాయింట్లు తెచ్చినవానిగా పట్టికలో మూడవవాని పేరే ఎక్కును. రెండవవాడు బంతిని తాకనైనను తాకలేదు. ఒక్కొక్కప్పుడు రక్షకుడు పొరబడి వానినే పట్టి పడవేయును, మోకాళ్లు దోగును. కావున బాలురను ముగ్గురి స్థానములలోను వంతులవారీగా మార్చి ఆడింపవలెను. ఎప్పుడును ఎరగానే పరుగెత్తు బాలుని పరుగు కొలది దినములలో మందగించును. అది మొదట గ్రహించువాడు శిక్షకుడు కాదు, ఎదుటి రక్షకుడే.